ఆకుల కింది చీమకు పేరు పట్టుకోవడం ఎలా?

ఇళ్లలో మనం చీమలకు వాడే పేర్లు నాలుగైదుకు మించవు. ఎర్ర చీమ, నల్ల చీమ, గండుచీమ, చలిచీమ. బద్వేలు దగ్గర మా చేను గట్టున ఒక కానుగ చెట్టుంది. రెండేళ్ల కిందట వాన వెలిసిన మూడో రోజు దాని కింద ఒక చదరపు మీటరు మేర ఆకులు ఎత్తి జల్లించాను. ఏడు రకాల చీమలు వేరుపడ్డాయి. వాటిలో మూడింటిని ఎవరికి చూపినా "ఎర్ర చీమే కదా" అన్నారు. భూతద్దం కింద ఆ మూడూ మూడు వేర్వేరు ప్రజాతులు (దగ్గరి జాతులను కలిపిన గుంపే ప్రజాతి). రంగును నమ్ముకుంటే ఎంత మోసపోతామో నాకు ఆ రోజే తెలిసింది.

ప్రపంచంలో ఇప్పటికి 14 వేలకు పైగా చీమ జాతులకు శాస్త్రీయ నామాలున్నాయి. మన దేశంలోనే 800 దాటాయి. మీ చెట్టు కింది చీమ వాటిలో ఏదో తేల్చుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఓపిక కావాలి. ఎక్కడ ఆగాలో తెలియాలి. నేను పట్టుకున్న దారిని వరసగా చెబుతాను.

కాలం, చోటు

ఆకుచెత్తలో చీమలు పట్టే పద్ధతులు ఎక్కువగా వానఅడవుల కోసం తయారైనవి. అక్కడ ఏడాది పొడవునా ఆకు తడిగానే ఉంటుంది, ఏ నెలలో వెళ్లినా చీమ దొరుకుతుంది. మన సీమలో అలా కాదు. అనంతపురంలో ఏడాదికి కురిసేదే సుమారు 550 మిల్లీమీటర్లు. ఎండలు ముదిరేసరికి రాలిన ఆకు అప్పడంలా కరకరలాడుతుంది. అప్పుడు చీమలు ఆకుల్లో ఉండవు, చల్లదనం వెతుక్కుంటూ మట్టిలోకి దిగిపోతాయి. అందుకని జులై నుంచి డిసెంబరు మొదటి వారాల వరకు, మంచి వాన పడిన రెండు మూడు రోజుల తర్వాత వెళ్లండి. వాన పడుతుండగా వెళ్లొద్దు. తడిసి ముద్దైన ఆకు జల్లెడలో దిగదు.

చోటు విషయంలో గట్టిగా ఒక మాట చెప్పాలి. శేషాచలం, లంకమల, నల్లమల చూడగానే మనసు అటే లాగుతుంది. అవి రిజర్వు అడవులు, అభయారణ్యాలు. అటవీ శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా అక్కడినుంచి ఆకు కూడా తేకూడదు. పైగా ఎర్రచందనం దొంగల కోసం రాత్రింబగళ్లు గస్తీ ఉండే కొండల్లోకి గోతాలు పట్టుకుని పోవడం ఎంత పొరపాటో వేరే చెప్పక్కర్లేదు. మామిడి తోపు, చీనీ తోట, చెరువు కట్ట మీద చింతచెట్టు, వంక ఒడ్డున కానుగలు చాలు. సొంతదారుడిని అడిగి మొదలుపెట్టండి. మందు కొట్టిన తోటైతే ఆ ఏడాదికి వదిలేయండి.

ఆకుల్లో చెయ్యి పెట్టేముందు కర్రతో కదిలించండి. కట్లపాము, రక్తపింజర, తేలు, జెర్రి అన్నీ అక్కడే ఉంటాయి. బూట్లు, మందపాటి చేతి తొడుగులు లేకుండా ఈ పని చేయొద్దు.

జల్లించడం, ఆరబెట్టడం

నేలమీద మీటరు పొడవు, మీటరు వెడల్పు చదరం గీయండి. అందులోని ఆకు, పుల్లలు, పైపై మెత్తటి మట్టి అంతా గబగబా ఇసుక జల్లెడలోకి ఎత్తండి. జల్లెడ కన్ను సెంటీమీటరు ఉంటే సరిపోతుంది. కింద తెల్లటి దుప్పటి పరిచి గట్టిగా కుదపండి. పెద్ద ఆకులు పైన మిగులుతాయి, చీమలతో కూడిన పొడి దుప్పటి మీద పడుతుంది. వేలెడు లావు ఎండుపుల్లలను పారేయకండి. వాటిని విరిచి చూడండి. చాలా చిన్న చీమలు బోలు పుల్లలోనే సంసారం పెడతాయి, పిల్లలతో సహా గూడంతా మీ చేతికొస్తుంది.

ఆ పొడిలోంచి కంటితో ఏరితే పెద్దవే దొరుకుతాయి. రెండు మిల్లీమీటర్లవి కదలకుండా పడుకుంటాయి, మట్టి రేణువుల్లో కలిసిపోతాయి. వాటికోసం పరిశోధకులు వాడేది వింక్లర్ సంచి. దుకాణంలో కొనక్కర్లేదు. ఎర్రగడ్డల వల సంచి ఒకటి, పాత దుప్పటి ఒకటి ఉంటే చాలు. దుప్పటిని గరాటు ఆకారంలో కుట్టి, కింది కొసన స్పిరిట్ పోసిన గాజు సీసా కట్టండి. వల సంచిలో జల్లించిన పొడి నింపి, గుడ్డ గరాటు లోపల వేలాడదీసి, పైన మూతి బిగించి, నీడలో గాలి ఆడేచోట కట్టండి. పొడి ఆరేకొద్దీ లోపలి చీమలు తడి వెతుక్కుంటూ అటూ ఇటూ తిరుగుతాయి, వల కన్నుల్లోంచి జారి సీసాలో పడతాయి. 48 గంటలు ఉంచాలి. మన దగ్గర గాలి పొడిగా ఉన్న రోజుల్లో ఒక్క రోజుకే సగానికి పైగా దిగిపోవడం చూశాను, అయినా రెండు రోజులూ ఉంచండి. చిట్టచివర దిగేవే మనం ఎప్పుడూ చూడనివి.

తొందరగా కావాలంటే గరాటు మీద బల్బు వేలాడదీసే పద్ధతి ఉంది. వేడికి చీమలు కిందికి దిగుతాయి. కానీ కింద స్పిరిట్, పైన వేడి బల్బు. నిప్పంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి ఇంట్లో పిల్లలుంటే ఆ జోలికి పోవద్దు.

మీ చోటును మరో చోటుతో పోల్చాలనుకుంటే ఒక కొలత పాటించండి. 200 మీటర్ల గీత వెంట ప్రతి 10 మీటర్లకు ఒక చదరపు మీటరు, మొత్తం 20 నమూనాలు. వానఅడవుల్లో చీమలు లెక్కించేవాళ్లు చాలాకాలంగా పాటిస్తున్న కొలత ఇది. ఒక్క చీమ పేరే కావాలంటే ఇంత అక్కర్లేదు.

చేతితో ఏరేటప్పుడు నోటితో పీల్చే గొట్టం వాడేవాళ్లున్నారు. గండుచీమల గుంపులోవి ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతాయి, అది గొంతులోకి పోతే మంట. సన్నటి రంగుల కుంచె స్పిరిట్‌లో ముంచి అంటించి తీయడం మేలు.

చీటీ

ఇక్కడ నిదానంగా చదవండి, ఎందుకంటే నేను నష్టపోయింది ఇక్కడే. మొదటి ఏడాది బాల్‌పెన్‌తో రాసిన చీటీలు సీసాల్లో వేశాను. నెల తిరిగేసరికి సిరా కరిగి స్పిరిట్ నీలంగా మారింది. నలభై సీసాల్లో పదకొండింటికి ఊరు, తేదీ తెలియకుండా పోయాయి. వాటిని పారబోశాను. ఎక్కడిదో తెలియని చీమకు ఎంత మంచి పేరు పెట్టినా అది ఎవరికీ పనికిరాదు.

గుత్తి సంగతి తెలిస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. నీలంగా మెరిసే పెద్ద సాలీడు ఒకటి గుత్తి రైల్వే కట్టెల డిపోలో దొరికింది. 1899లో పొకాక్ అనే శాస్త్రవేత్త దానికి పేరు పెట్టాడు. చీటీ మీద గుత్తి అని ఉంది కాబట్టి లోకమంతా అది గుత్తి సాలీడే అనుకుంది. కట్టెలతోపాటు రైలెక్కి వచ్చిందని ఎవరికి తెలుసు? అది నిజంగా బతికే అడవి 2001లో గానీ బయటపడలేదు. నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్యనున్న నల్లమల అది. చీటీలో ఊరు పేరుతోపాటు "కట్టెల డిపోలో, బయటినుంచి వచ్చిన దుంగల మీద" అని ఒక్క ముక్క ఉండుంటే వెతుకులాట అంతకాలం సాగేది కాదేమో.

కాబట్టి పెన్సిలుతో, మందపాటి కాగితం మీద రాసి, సీసా లోపలే వేయండి. బయట అతికించిన చీటీ ఊడిపోతుంది. ఊరు, మండలం, జిల్లా, ఫోను చూపించే అక్షాంశ రేఖాంశాలు, తేదీ, ఏ చెట్టు కింద, ఆకుచెత్తలోనా పుల్లలోనా మట్టిలోనా, పట్టినవారి పేరు. ఒక్కో సీసాలో ఒక్క చోటివే ఉండాలి. ఒకే గూటివని రూఢిగా తెలిస్తే వాటిని వేరే సీసాలో పెట్టి "ఒకే గూడు" అని రాయండి, తర్వాత ఆ మాట బంగారమవుతుంది.

స్పిరిట్ మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ అయినా చాలు. రూపం చూసి గుర్తించడానికి 70 శాతం ఆల్కహాలు సరిపోతుంది. డీఎన్‌ఏ పరీక్షకు పంపే ఉద్దేశం ఉంటే 95 శాతం కావాలి.

అసలు చీమేనా?

సీసాలోవన్నీ చీమలు కావు. చెదలు పడతాయి, చీమను పోలిన సాలీళ్లు పడతాయి. కాళ్లు లెక్కపెట్టండి, ఎనిమిదుంటే సాలీడు. చెద మీసం పూసలదండలా నిటారుగా ఉంటుంది, నడుము సన్నం కాదు. చీమ మీసం మోచేయిలా మధ్యలో వంగుతుంది, నడుములో ఒకటో రెండో బొడిపెలు ఉంటాయి. రెక్కలున్నవాటితో తికమక పడొద్దు. ఉసుళ్లకు, అంటే రెక్కల చెదలకు, నాలుగు రెక్కలూ ఒకే కొలత, రెక్కల చీమకు ముందు రెక్కలు పొడుగు. మొదట్లో రెక్కలవాటిని పక్కన పెట్టండి. ఒక్కో లక్షణం అడుగుతూ పేరు దాకా తీసుకెళ్లే గుర్తింపు పట్టికలు ఎక్కువగా గూటి పనులు చేసే కూలి చీమల మీదే రాసినవి. మగచీమను వాటిలో పెడితే ఎక్కడికో తీసుకుపోతాయి.

నడుము, తోక

పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, కంసాలులు కంటికి పెట్టుకునే రకం, మొదలుపెట్టడానికి చాలు. ఇరవై రెట్లది ఉంటే ఇంకా మంచిది. ప్రజాతి దాటి ముందుకు పోవాలంటే స్టీరియో మైక్రోస్కోప్ తప్పదు. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం, అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. జంతుశాస్త్ర విభాగానికి వెళ్లి, చీటీలతో సహా సీసాలు చూపించి అడగండి. దగ్గర్లో డిగ్రీ కాలేజీ ఉంటే అక్కడా అడగవచ్చు.

చీమను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మొదటి ప్రశ్న: నడుములో బొడిపెలు ఎన్ని?

ఒకటే ఉంటే పొట్ట చివర చూడండి. అక్కడ గుండ్రటి చిన్న రంధ్రం, చుట్టూ వెంట్రుకల అంచు కనిపిస్తే ఫార్మిసినే ఉపకుటుంబం (ప్రజాతులను కలిపిన ఇంకా పెద్ద గుంపు). గండుచీమ, మామిడాకులు కుట్టి గూడు కట్టే చీమ, ఇంట్లో వెర్రెత్తినట్టు పరుగెత్తే పొడుగుకాళ్ల నల్ల చీమ అన్నీ ఇందులోవే. రంధ్రం బదులు అడ్డంగా చీలిక ఉంటే డోలికోడెరినే. తల నల్లగా, పొట్ట లేతగా ఉండి వంటింట్లో తిరిగే చిట్టి చీమ ఈ గుంపుది. కొండి ఉండి, పొట్ట మొదటి రెండు భాగాల మధ్య దారం కట్టినట్టు నొక్కు ఉంటే పొనెరినే. ఆకుచెత్తలో వేటాడేవి చాలావరకు ఇవే, గుంపులు చిన్నవి, కుడితే బాగా నొప్పి. డయాకమ్మా అనే ప్రజాతి మీకు దొరకవచ్చు. నల్లగా పెద్దగా ఉంటుంది, ఒంటినిండా వేలిముద్ర గీతల్లాంటి చాళ్లు, నడుము బొడిపె మీద రెండు ముళ్లు. దానిలో వేరే రాణి ఉండదు, జతకట్టిన కూలి చీమే గుడ్లు పెడుతుంది. రాణి కోసం గూడంతా తవ్వి పాడుచేయకండి.

రెండు బొడిపెలుంటే చాలావరకు మిర్మిసినే. కళ్లు బాగా పెద్దవై, ఒళ్లు సన్నగా పొడుగ్గా ఉంటే మాత్రం టెట్రాపొనెరా కావచ్చు. అది చెట్టు మీది చీమ, పైనుంచి జారిపడి ఉంటుంది.

కళ్లే లేని చీమ దొరికితే వేరే దారి పట్టాలి. గుంపుగా దండెత్తే డోరిలినే చీమలు అందులో ముఖ్యమైనవి. వాటిలో డోరిలస్‌కు బొడిపె ఒకటే, ఏనిక్టస్‌కు రెండు. కాబట్టి వీటి దగ్గర బొడిపెల లెక్క ఒక్కదాన్నే పట్టుకుంటే పొరపాటు వస్తుంది. వేరుశనగ కాయలను భూమిలోనే తొలిచే గుడ్డి చీమ డోరిలస్ ఓరియెంటాలిస్. వేరుశనగ రైతులకు దాని పని తెలుసు, పేరు తెలియదు.

మీసంలో కణుపులు

ఆకుచెత్తలో ఎక్కువగా దొరికేవి మిర్మిసినే కాబట్టి ఇక్కడ కొంచెంసేపు ఉందాం. మీసం కణుపులు లెక్కపెట్టాలి. తలకు అతుక్కున్న పొడుగు కణుపు ఒకటి, మోచేయి తర్వాత చివరిదాకా మిగిలినవి. చివర రెండో మూడో కణుపులు లావెక్కి గదలా ఉంటాయి. ఆ గదలో ఎన్ని ఉన్నాయో చూడండి.

మొత్తం పది, గదలో రెండు అయితే సొలెనాప్సిస్ ప్రజాతి వైపు వెళ్లండి. మొత్తం పన్నెండు, గదలో మూడు, అన్నీ ఒకే సైజు, ఒళ్లు నున్నగా, చిన్నగా ఉంటే మోనోమోరియం. అదే పన్నెండు, గదలో మూడే ఉండి, గూట్లో కొన్నిటికి తల ఒంటికన్నా పెద్దదిగా కనిపిస్తే ఫైడోలే. మీసం మొదలయ్యే గుంట చుట్టూ గట్టులా అంచు లేస్తే టెట్రమోరియం. వీపు మీద డాలు కప్పినట్టుండి, ముట్టుకుంటే ముడుచుకుని చచ్చినట్టు పడివుంటే మెరనోప్లస్. పొట్ట గుండె ఆకారంలో ఉండి, బెదిరిస్తే వీపు మీదికి ఎత్తితే క్రెమటోగాస్టర్, కానీ అది కూడా ఎక్కువగా చెట్టుది.

తల బేరిపండులా ముందుకు సన్నబడి, మీసం కణుపులు మరీ తక్కువగా ఉండి, నడుము కింద స్పాంజి ముక్క అతికించినట్టుంటే స్ట్రుమిజెనిస్. రెండు మూడు మిల్లీమీటర్ల చీమ. ఆకుల తడిలో ఎగిరే స్ప్రింగ్‌టెయిల్ అనే సూక్ష్మ జీవులను దవడలతో చటుక్కున పట్టుకుంటుంది. ఆకుచెత్త జల్లించకపోతే దీన్ని చూసే అవకాశం దాదాపు లేదు. నాకు మూడో ఏడాది దొరికింది, మర్రిచెట్టు వేళ్ల సందున, నవంబరులో. ఆ సాయంత్రం ఆ ఒక్క చీమనే చూస్తూ కూర్చున్నాను.

ఫైడోలే దగ్గర అందరూ పడే గోతిలో మీరు పడొద్దు. పెద్ద తల చీమ, చిన్న తల చీమ పక్కపక్కన సీసాలో ఉంటే రెండు జాతులని రాసేస్తాం. అవి ఒకే తల్లి పిల్లలు, ఒకటి సిపాయి, ఒకటి కూలి. "ఒకే గూడు" చీటీ ఇక్కడ ఆదుకుంటుంది. ఈ ఒక్క ప్రజాతిలోనే వెయ్యికి పైగా జాతులున్నాయి, వాటిని చాలావరకు సిపాయి తలను చూసి తేలుస్తారు. సిపాయి లేకుండా జాతి పేరు రాయకండి.

జాతి దాకా ఎప్పుడు వెళ్లాలి?

ప్రజాతి తేలాక చీమను సూదికి ఎక్కించండి. పెళ్లిపత్రిక అట్టను సన్నటి త్రికోణంగా కత్తిరించి, కొసను కొద్దిగా వంచి, చిటికెడు ఫెవికాల్‌తో చీమ కుడిపక్కన కాళ్ల మధ్య అంటించాలి. త్రికోణం వెడల్పు వైపు సూది గుచ్చాలి, సూదికి చీటీ తగిలించాలి. తర్వాత మూడు ఫొటోలు తీయండి: ముఖం సూటిగా, పక్కనుంచి, పైనుంచి. అదే దూరంలో స్కేలు కూడా ఫొటో తీస్తే కొలతలు వస్తాయి.

తల వెడల్పును తల పొడవుతో భాగించి వందతో హెచ్చవేయండి. ఉదాహరణకు వెడల్పు 0.62, పొడవు 0.68 మిల్లీమీటర్లయితే 91. మీసం మొదటి పొడుగు కణుపు 0.58 అయితే దాన్ని తల వెడల్పుతో భాగించి వందతో హెచ్చవేస్తే 94. ఈ రెండు అంకెలు జాతుల వర్ణనల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. తల కొంచెం వాలినా అంకె మారిపోతుంది కాబట్టి మూడు చీమలను కొలవండి.

పోల్చుకోవడానికి యాంట్‌వెబ్ అనే వెబ్‌సైటులో అసలు నమూనాల, అంటే జాతికి పేరు పెట్టినప్పుడు ఆధారంగా తీసుకున్న చీమల, ఫొటోలు ఉచితంగా ఉన్నాయి. మన ప్రాంతపు చీమలకు కీటక శాస్త్రవేత్త బింగ్‌హామ్ 1903లో రాసిన గుర్తింపు పట్టిక ఇప్పటికీ పనికొస్తుంది, కానీ పేర్లు చాలా మారాయి. అందులోని ఫైడోలోజిటాన్ ఇప్పుడు కరెబారా. పాత పేరు దొరికితే దాని నేటి పేరు వెతికాకే రాయండి.

మన నేలలో ఈ పని చేసిన మొదటివాళ్లలో జెర్డన్ ఒకడు. కడప కొండల కలివికోడిని శాస్త్రలోకానికి అందించిన ఆ డాక్టరే. ఆ పక్షి ఇక లేదనుకున్నాక 1986లో లంకమల దగ్గర మళ్లీ కనిపించింది. అదే జెర్డన్ 1851లో దక్షిణ భారతపు చీమల పట్టిక అచ్చువేశాడు. ఎగిరి వేటాడే హార్పెగ్నాథస్ సాల్టేటర్‌కు జాతి పేరు పెట్టింది ఆయనే. 2010లో చీమల్లో మొదటగా పూర్తి జీనోము (డీఎన్‌ఏ మొత్తం) చదివిన రెండు జాతుల్లో అదొకటి.

అన్నీ సరిపోలితేనే జాతి పేరు రాయండి. ఒక్క లక్షణం తేడా వచ్చినా "ఫైడోలే 1", "ఫైడోలే 2" అని రాసి ఆగండి. ఇది ఓటమి కాదు, నిపుణులూ ఇలాగే రాస్తారు. ఊహతో రాసిన తప్పు పేరు ఒకరినుంచి ఒకరికి పాకి ఏళ్లతరబడి పట్టికల్లో కూర్చుంటుంది. మీ సంఖ్య మాత్రం ఎప్పుడైనా పేరుగా మారవచ్చు. తేలనివాటిని బెంగళూరులోని ఏట్రీ పరిశోధన సంస్థకో, పాటియాలా పంజాబీ విశ్వవిద్యాలయానికో ముందు ఫొటోలతో రాసి అడగండి. విదేశాలకు మాత్రం నమూనా పోస్టు చేయొద్దు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం దానికి అనుమతి కావాలి.

పేరు తేలినవీ తేలనివీ అన్ని సీసాలూ దాచండి. మన ఎండాకాలంలో బిగించిన మూతలోంచి కూడా స్పిరిట్ ఆవిరైపోతుంది, ఎండిన చీమ ముట్టుకుంటే పొడైపోతుంది. మార్చి మొదట్లో అన్నీ బయటికి తీసి, తగ్గినచోట స్పిరిట్ నింపి, చీటీలో పెన్సిలు రాత చెదిరిందేమో చూసి, ఇంట్లో చల్లటి గదిలో, నేలకు దగ్గరగా పెట్టండి.